మూటలో లేని వేణువు

పళ్ళ మేస్త్రి చేసిన పళ్ళతో ఊళ్ళో ఎంతమంది నవ్వుతున్నారో ఆయనకే తెలియదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తారు. ఈయన ప్లాస్టరుతో, మైనంతో కుస్తీ పట్టి, పళ్ళ సెట్టు తయారుచేసి, నునుపు చేసి, పెట్టెలో పెట్టి తిరిగి పంపిస్తాడు. అంతటితో సరి. ఆ పళ్ళు ఎవరి నోట్లో కుదురుకున్నాయో, ఎవరి మీద పటపటలాడాయో కబురు రాదు. "మీరు చేసిన పళ్ళతో హాయిగా తింటున్నానండీ" అని చెప్పడానికి ఆ ఇరుకు మెట్లెక్కి ఒక్క మనిషి వచ్చిన పాపాన పోలేదు. కుదరని పళ్ళు మాత్రం మర్నాడే తిరిగొస్తాయి. మనిషికి దిగులుగా ఉండదూ మరి?

ఆ దిగులే ఆయన్ని శనివారం మూటలోకి దించిందనుకోవాలి. శనివారం తెల్లారగానే కుటుంబం గ్రూపులోకి మేస్త్రి మూడు లింకులు పంపిస్తాడు. ఒక వార్త, ఒక హాస్యం, ఒక పాట. వరస మారదు. "ముందు ఒళ్ళు మండాలి. తర్వాత నవ్వు రావాలి. చివరికి మనసు కుదుటపడాలి" అన్నది ఆయన సిద్ధాంతం. ఎవరూ అడక్కపోయినా అందరికీ చెప్పాడు. ఆ మూడింటి కోసం వారమంతా ఫోనుని జల్లెడ పడతాడు. బస్సులో వస్తూ వార్తలు, మధ్యాహ్నం డబ్బా ముందు పెట్టుకుని హాస్యం, మిషన్లు ఆపాక పాటలు. నచ్చనిది పక్కన పారేస్తాడు, నచ్చినదాన్ని మళ్ళీ చూస్తాడు, అప్పుడు కూడా నచ్చితేనే మూటలో కడతాడు. పెళ్ళిచూపులకి కూడా అంత శ్రద్ధ పెట్టలేదని ఆయన భార్య అంటుంది.

ఒక శనివారం మూట ఎలా ఉంటుందో చెప్పుకుంటే మేస్త్రి తత్వం తెలుస్తుంది. వార్త ఏమిటంటే, వంతెనకి ఏ రంగు వేయాలన్న విషయం మీద ఒక నగరసభ రోజంతా కొట్టుకుంది. సాయంత్రానికి ఓ గుమాస్తా లేచి, ఆ వంతెన కూలిపోయి చాలాకాలమైందని మనవి చేశాడు. హాస్యం ఏమిటంటే, లిఫ్టు మధ్యలో ఆగిపోతే అందులో ఇరుక్కున్న నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఉండడానికి పడే పాట్లు. ఇక పాట, రైలు స్టేషను మెట్ల మీద కూర్చుని ఒక ముసలాయన వాయించిన అకార్డియన్. ఆ అకార్డియన్‌లో ఒక మీట పలకదు. ముసలాయన దాని దగ్గరికి రాగానే గుంట తప్పించి నడిచినట్టు పక్కకి తప్పుకుని పోతాడు. మేస్త్రి ఆ సంగతి కనిపెట్టి పొంగిపోయాడు. గ్రూపులో మాత్రం కావాలనే రాయలేదు. ఎవరైనా తమంతట తాము కనిపెట్టి చెప్తారేమోనని ఆశ.

ఎవరూ చెప్పలేదు. బొటనవేలి బొమ్మలు మాత్రం వచ్చాయి. లింకు వెళ్ళీ వెళ్ళకముందే టపటపా వాలిపోయాయి. పాట మొదలై ముసలాయన ఇంకా అకార్డియన్ సర్దుకుంటుంటేనే అల్లుడి బొటనవేలు లేచి నిలబడింది.

బావమరిది సిటీ బస్సు డ్రైవరు. మేస్త్రి అతన్ని ఫోన్లో పట్టుకుని నిలదీశాడు.

"లిఫ్టుది చూశావుట్రా?"

"చూడకపోవడమేంటి బావా! కడుపుబ్బిపోయింది."

"ఏ చోట నవ్వావు?"

"అదే... ఆ చోట."

"ఏ చోట?"

"నవ్వొచ్చే చోట బావా! అక్కడ కాకపోతే ఇంకెక్కడ నవ్వుతాం?"

భార్యని అడిగితే "చూశానండీ, బాగుంది" అంది. ఆమె ఫోను నిన్నటినుంచి వంటింటి గట్టు మీద చచ్చిపడి ఉందని మేస్త్రికి తెలుసు. కూతుర్ని అడిగితే "నువ్వు పంపావంటే బాగుండకపోవడమేంటి నాన్నా" అంది. ఆ మాటలో ప్రేమ ఉంది గానీ లింకు తెరిచిన జాడ లేదు.

మేస్త్రికి కావలసింది పొగడ్త కాదు. తాను నవ్విన చోట ఇంకో మనిషి నవ్వాడని తెలియాలి. అంతే. అదేమంత గొంతెమ్మ కోరిక? వారం వారం మూట కట్టి నూతిలో పడేస్తున్నట్టు ఉంటే, ఎంతకాలమని కడతాడు?

ఆ గ్రూపులో అసలు బొటనవేలు కూడా ఎత్తని మనిషి ఒక్కరే ఉన్నారు, వియ్యపురాలు. కూతురి అత్తగారు. వయొలిన్లు, గిటార్లు, హార్మోనియంలు బాగుచేసి శ్రుతి చేసే షాపు ఆవిడది. పెళ్ళిలో బ్యాండువాళ్ళు ఊపు మీద ఉండగా ఎదురుగా వెళ్ళి చెయ్యెత్తి ఆపి, "ఆ చివరి బాకా మనిషి తప్ప మిగతావాళ్ళు వాయించండి" అన్న మహాతల్లి. అప్పటినుంచి మేస్త్రికి ఆవిడంటే హడల్. తన మూటలు ఆవిడ చెత్తబుట్టలో వేస్తోందని తీర్మానించుకున్నాడు. కనీసం అబద్ధం చెప్పడం లేదు కదా అని లోపల కాస్త గౌరవం కూడా ఉండేది.

ఓ శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రికి బుద్ధి వక్రించింది. పనిచేసే బల్ల దగ్గర అరగదీసే మిషను తిరుగుతోంది, చేతిలో ఎవరిదో పై పళ్ళ సెట్టు ఉంది. మిషను కీచుమంటుంటే పక్కన ఫోను నిలబెట్టి రికార్డింగు మీద వేలు పెట్టాడు. ఎదురు బల్ల మీద మైనం పనిచేసే ఆవిడ, అందరూ మైనమ్మ అంటారు, తల ఎత్తి చూసింది.

"ఏం చేస్తున్నారు మేస్త్రిగారూ?"

"వల వేస్తున్నాను."

"దేనికి?"

"చూస్తూ ఉండండి" అని రికార్డింగు నొక్కాడు. "రేపు ఈ గొర్రెలన్నీ ఎలా తలలూపుతాయో!"

మైనమ్మకి ప్లాస్టరు పొడి గొంతుకి అడ్డంపడి దగ్గు వచ్చింది. ఆ కంగారులో డబ్బా మూత కింద పడింది. మేస్త్రి సెట్టు నునుపయ్యేదాకా అరగదీసి రికార్డింగు ఆపాడు. తిరిగి వినలేదు. పళ్ళు అరగదీసే చప్పుడు ఎవరు వింటారు?

మర్నాడు వార్త, హాస్యం మామూలుగానే పంపి, మూడోదిగా ఆ రికార్డింగు పెట్టాడు. కింద ఇలా రాశాడు: "కొండల్లో ఎక్కడో పట్టుకున్న అరుదైన వేణువు. చెవులున్నవారికి మాత్రమే." ఆ చివరి ముక్క రాసినప్పుడు తనని తానే భుజం తట్టుకున్నాడు.

ఫోను కింద పెట్టకముందే కోత మొదలైంది. అల్లుడు, "సూపర్ మామయ్యా, ఎంత ప్రశాంతంగా ఉందో." కూతురు, ఎర్రటి గుండె. పక్కగదిలోంచి భార్య, రెండు చేతులు జోడించిన దండం. డిపోలో బస్సు ఆపుకుని బావమరిది, "ఏం వేణువు బావా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. అనుకున్నట్టే జరిగింది కాబట్టి సంతోషించాలి కదా? లేదు. ఒక్కడైనా "ఇదేంటి మిషను చప్పుడులా ఉంది" అంటాడని మనసులో ఏ మూలో ఎదురుచూశాడు మరి. ఆ మూల కూడా ఖాళీ అయింది.

సరిగ్గా అప్పుడే గ్రూపులో వియ్యపురాలి పేరు కనిపించింది. వాయిస్ మెసేజ్. జన్మలో మొదటిసారి! పైగా పొడుగాటిది.

"ఈవిడ కూడానా!" అన్నాడు మేస్త్రి గోడతో. శ్రుతి తప్పిందని బ్యాండునే ఆపిన మనిషి, పళ్ళ మిషనుని పొగడడానికి ఇంత ఉపన్యాసమా? మిగిలిన ఒక్క నిజాయితీ దీపమూ ఆరిపోయినట్టే. విని ఇంకా ఒళ్ళు మండించుకోవడం ఎందుకని, కసిగా ఆ మెసేజ్ మీద తనూ ఒక బొటనవేలు గుద్ది పారేశాడు. తినండి, మీకూ ఒకటి!

మర్నాడు కాక ఆపై ఆదివారం అందరూ భోజనానికి ఇంటికొస్తారు. అప్పుడు స్పీకరు పెట్టి వేణువు వినిపించి, అందరి మొహాల మీద కత్తివేటుకి నెత్తురు చుక్క లేకుండా చెయ్యాలని మేస్త్రి ప్లాను. అందాకా కిమ్మనకుండా ఉన్నాడు. ఏం మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో, ఎవరివైపు చూడాలో రోజూ బల్ల దగ్గర సాధన చేసుకున్నాడు. చేతిలో పళ్ళ సెట్టుతో "ఏమర్రా, కళ్ళలో నీళ్ళు తిరిగాయా?" అని అడుగుతుంటే మైనమ్మ చూసి బల్ల కాస్త దూరం జరుపుకుంది.

వారం మధ్యలో, డబ్బా విప్పుతుండగా కూతురు ఫోను చేసింది.

"నాన్నా, అత్తయ్య షాపు మూసేస్తారట."

"అయ్యో, ఏమైంది?"

"చెవి పోయిందంటున్నారు. మాకేమో బాగానే వినిపిస్తున్నట్టు ఉంది. పక్కగదిలో నేను గొణుక్కున్నా వినేస్తున్నారు. ఆయనేమో డాక్టరు దగ్గరికి పోదాం పదమ్మా అంటే, డాక్టరు చెవి ఉందా లేదా చూస్తాడు గానీ శ్రుతి చూడడు కదా అంటున్నారు. బాగుచేయడానికి వచ్చినవన్నీ తిరిగిచ్చేస్తున్నారు నాన్నా! పొద్దున ఒకాయన వయొలిన్ పట్టుకుని ఏడుపు మొహంతో వెళ్ళిపోయాడు."

"ఉన్నట్టుండి చెవి పోవడమేంటమ్మా?"

"ఏదో వినిపించాల్సింది వినిపించలేదట. తెలిసినవాళ్ళని అడిగితే ఉందన్నారట. అంతకంటే చెప్పరు. శనివారం నుంచి ఇదే వరస."

శనివారం అన్న మాట మేస్త్రికి పంటి కింద రాయిలా తగిలింది. ఫోను పెట్టేసి గ్రూపు తెరిచాడు. వియ్యపురాలి మెసేజ్ అక్కడే ఉంది. దాని కింద తన బొటనవేలు, పసుపుపచ్చగా, బోర విరుచుకుని నిలబడి ఉంది. నొక్కాడు.

"అన్నయ్యగారూ, నమస్కారం. ఫోన్లో ఇలా మాట్లాడడం నాకు అలవాటు లేదు, సర్దుకోండి. మీరు పంపిన వేణువు నాకు వినపడలేదు..."

మేస్త్రికి అర్థమైపోయింది. ఆపేశాడు. అన్నం అలాగే వదిలేసి, ప్లాస్టరు చేతులతోనే మెట్లు దిగి బస్సెక్కాడు. దారిపొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఇన్ని రోజులూ సాధన చేసిన ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా పనికొచ్చేలా లేదు.

షాపు షట్టరు సగం దించి ఉంది. "కొత్త పనులు తీసుకోము" అని అట్టముక్క వేలాడుతోంది. లోపల గోడ పొడుగునా తిరిగి వెళ్ళిపోవాల్సిన గిటార్లు, వయొలిన్లు సంచుల్లో నిలబడి ఉన్నాయి, రైలు కోసం వేచి ఉన్న జనంలా. వియ్యపురాలు బల్ల ముందు కూర్చుని శ్రుతి చూసే ఇనుప కొమ్ములని, అవే ట్యూనింగ్ ఫోర్కులని, ఒక్కొక్కటిగా గుడ్డలో చుట్టి పెట్టెలో పెడుతోంది.

"రండి అన్నయ్యగారూ. ఇంత ఎండలో వచ్చారేం? అమ్మాయి బాగానే ఉంది కదా?"

"బాగానే ఉందమ్మా. నేనే బాగాలేను." మేస్త్రి వంగి షట్టరు కింద నుంచి వచ్చి, లేవబోయి తల కొట్టుకున్నాడు. శకునం బాగానే ఉందనుకున్నాడు, ఇంకా తగలాల్సినవి ఉన్నాయి కదా. "చెల్లెమ్మా, మీ చెవికేం కాలేదు. అది వేణువు కాదు."

ఆవిడ చేతిలో కొమ్ము ఆగింది. "మరేమిటి?"

"మిషను. పళ్ళు అరగదీసే మిషను."

"పళ్ళు."

"పై సెట్టు" అన్నాడు మేస్త్రి. కంగారులో మనిషికి అక్కర్లేని వివరాలే ముందు గుర్తొస్తాయి.

వియ్యపురాలు చేతిలో కొమ్ముని బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి గోడ పక్కన గిటారు తీగ ఒకటి దానంతటదే చిన్నగా మోగినట్టు అనిపించింది మేస్త్రికి. అందుకని ఆగకుండా చెప్పేశాడు. ఎవరూ వినడం లేదని తెలుసుకోడానికి వల వేశానన్నాడు, అందరూ పడ్డారన్నాడు, ఆదివారం నాడు బయటపెడదామనుకున్నానన్నాడు. చెప్తున్నకొద్దీ తన తెలివి తనకే చిన్నదవుతూ కనిపించింది.

"అందులో గొర్రెలు అన్నారెవరో" అంది ఆవిడ. "అవెవరు?"

"అది... రికార్డయిందా?"

"స్పష్టంగా."

"అంటే... మావాళ్ళు. మీ అబ్బాయి. మా బావమరిది. మొత్తమ్మీద అందరూ."

"నేనూనా?"

"అప్పటికి లేరు. మీ మెసేజ్ వచ్చాక కలిపాను."

"విన్నాక కలిపారా?"

మేస్త్రికి ఈ ప్రశ్న వస్తుందని బస్సులోనే తెలుసు. "వినలేదు చెల్లెమ్మా."

"బొటనవేలు పెట్టారుగా?"

"పెట్టాను."

"వినకుండానే?"

"వినకుండానే."

వియ్యపురాలు తన ఫోను తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఎదురుగా ఉన్న ముక్కాలిపీట చూపించింది. "కూర్చోండి. ఇప్పుడు వినండి. చివరిదాకా."

ఎదురుగా ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే, ఆవిడ గొంతు ఫోన్లోంచి మాట్లాడడం మొదలుపెట్టింది.

"...మీరు పంపిన వేణువు నాకు వినపడలేదు. మొదట మామూలుగా విన్నాను. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. తర్వాత షట్టరు దించి, ఫ్యాను ఆపి విన్నాను. గుయ్యిమని ఒక శబ్దం ఉంది. దానికి కాలు కుంటి, చుట్టుకి ఒకసారి తడబడుతోంది. ఒకావిడ దగ్గారు. స్టీలు మూత ఒకటి కింద పడింది. ఒకాయన గొర్రెలు అన్నారు. గొంతు మీ గొంతులాగే ఉంది గానీ, మీరెందుకంటారులే అని వదిలేశాను. గొర్రెలున్నాయి కాబట్టి కాపరుల పాటేమో, వేణువు ఉండే ఉంటుంది అనుకున్నాను. అదొక్కటే వినపడలేదు. గ్రూపులో చూస్తే అందరికీ వినపడింది. మా అబ్బాయికి ప్రశాంతంగా ఉందిట. వదినగారు దండం పెట్టారు. మీ బావమరిదిగారికైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంతమంది విన్నది నాకొక్కదానికే వినపడలేదంటే లోపం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది."

మేస్త్రి తల ఇంకాస్త కిందికి దిగింది.

"నాకు పని నేర్పినాయనకి ఇలాగే పైస్థాయి చెవి పోయింది. ఆయనకి తెలియలేదు. శ్రుతి తప్పిన వయొలిన్లే ఇస్తూ ఉండేవారు. జనం మొహమాటానికి బ్రహ్మాండం అంటూ ఉండేవారు. నేనూ అన్నాను. నాకు ఆ గతి వద్దు. మీరు మొహమాటానికి చెప్పే మనిషి కాదు. మీ మూటలు నేను ఒక్కటీ వదల్లేదు. వంతెన రంగు వార్తకి మీరన్నట్టే ఒళ్ళు మండింది. లిఫ్టు హాస్యంలో ఆ నాలుగోవాడు ఎవరి మొహమూ చూడలేక గోడ మీది బటన్లు చదువుతూ, చివరికి వాటికి సారీ చెప్తాడు చూడండి, ఆ చోట నవ్వాను. షాపులో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే నవ్వాను. మెట్ల మీద ముసలాయన అకార్డియన్‌లో ఒక మీట పలకదు, దాన్ని తప్పించుకుంటూ వాయిస్తాడు. అది కనిపెట్టే మీరు పంపించి ఉంటారు. ఎవరికీ చెప్పకపోవడం నాకు నచ్చింది. ఇన్నాళ్ళూ జవాబు ఎందుకివ్వలేదంటే, ఇంత చెప్పాలంటే బొటనవేలితో అయ్యే పని కాదు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. వేణువు నిజంగా ఉందా అన్నయ్యగారూ? ఉంటే చెప్పండి. షాపు మూసేస్తాను."

మెసేజ్ అయిపోయింది. కింద బొటనవేలు ఉంది.

మేస్త్రికి ఏడుపొచ్చింది. బావమరిది చెప్పిన రకం కాదు, నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఊరందరినీ నిలదీశాడో ఆ మాట తనకి వచ్చింది. ఎక్కడ నవ్విందో, ఎందుకు నవ్విందో, పలకని మీటతో సహా వచ్చింది. దాన్ని తను తెరవనైనా తెరవలేదు. పైగా ఒక్క వేలితో ఆవిడ షాపు మూయించాడు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు.

వియ్యపురాలు గుడ్డలోంచి ఒక ఇనుప కొమ్ము బయటికి తీసి, మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. మేస్త్రికి ఏమీ వినిపించలేదు. ఆవిడ మాత్రం చాలాసేపు విన్నది. మొహంలో గట్టిగా బిగించి ఉన్నదేదో మెల్లగా వదులైంది. ఆ తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందని మేస్త్రి హడలిపోయాడు. నవ్వుతోంది.

"పై సెట్టా!" అంది. "నేను కాపరులంటున్నాను... గొర్రెలంటున్నాను... షట్టరు దించుకుని మరీ..." ఇక మాట రాలేదు. మేస్త్రి కూడా ఆపుకోలేకపోయాడు. ఆవిడ పళ్ళు అన్నీ సొంతవే, వరస బాగుంది అని ఆ నవ్వు మధ్యలో కూడా గమనించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

నవ్వు తగ్గాక ఆవిడ లేచి అట్టముక్క ఊడబీకింది. "ఆ వయొలినాయన్ని వెనక్కి పిలవాలి. మీరు ఆ మిషనుకి బేరింగు చూపించుకోండి, కుంటుతోంది. ఇక ఆ వేణువు సంగతి. గ్రూపులో అందరికీ మీరే నిజం చెప్పండి, ఆదివారందాకా ఆగక్కర్లేదు."

"తప్పకుండా."

"ఇంకోటి. మీ బావమరిదిగారు కూడా పంపిస్తుంటారు కదా. బస్సు వెనక పరిగెత్తేవాడిది చూశారా?"

బావమరిది పంపించేవి రోజూ వస్తాయి. మేస్త్రి వచ్చినవాటికి వచ్చినట్టు బొటనవేలు పెట్టి పక్కకి తోస్తాడు. అవి మూటలు కావు కదా, వరసా పాడూ లేని చిల్లర సరుకు అని ఆయన ఉద్దేశం.

"చూడలేదు."

"అది బాగుంటుంది" అని మాత్రం అంది వియ్యపురాలు, కొమ్ములన్నీ మళ్ళీ బల్ల మీద పరుస్తూ.

తిరుగు బస్సులో మేస్త్రి గ్రూపులో పెద్ద క్షమాపణ రాశాడు. వేణువు అబద్ధమనీ, అది మిషననీ, గొర్రెలనీ, వల అనీ, చివరికి తనే అందులో పడ్డాననీ, ఏదీ దాచకుండా రాశాడు. రాసి, చెమట తుడుచుకుని, తిట్ల కోసం సిద్ధమై పంపించాడు.

టపటపా వాలాయి. కూతురు, ఎర్రటి గుండె. భార్య, దండం. అల్లుడు, "చాలా బాగా రాశారు మామయ్యా." బావమరిది, బొటనవేలు.

వారం క్రితమైతే మేస్త్రి ఫోను కిటికీలోంచి విసిరేసేవాడు. ఇప్పుడు మాత్రం ఆ బొటనవేలుని కాసేపు చూసి, వేలితో గ్రూపుని పైకి, ఇంకా పైకి తోసుకుంటూ పోయాడు. బావమరిది పంపినవి వరసగా వచ్చాయి. ప్రతిదాని కింద మేస్త్రి బొటనవేలు ఉంది. ఒక్కటి కూడా తెరిచిన గుర్తు లేదు. బస్సు వెనక పరిగెత్తేవాడు ఎక్కడో బాగా పైన దొరికాడు.

వీడియోలో ఒక నటుడు, ఖాళీ వేదిక, వెనక ఒక కుర్చీ. బస్సునీ, జనాన్నీ అతనొక్కడే నటించి చూపిస్తూ, ఆ బస్సు వెనక పరిగెత్తుతాడు. పడతాడు, లేస్తాడు, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తుతాడు. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి అరిచి ప్రోత్సహిస్తారు. చివరికి ఎలాగో ఎక్కేస్తాడు. బస్సు బస్సంతా చప్పట్లు. ఊపిరి తీసుకుని, ఇది ఏ ఊరు వెళ్తుందని పక్కాయన్ని అడుగుతాడు. తప్పుడు బస్సు. దిగిపోవచ్చు కదా! దిగడు. కుర్చీలో కూర్చుని, తనకి సంబంధంలేని ఊరికి చివరి స్టాపుదాకా, అందరికీ నవ్వు మొహం చూపిస్తూ వెళ్తాడు. ఎందుకు దిగలేదని పక్కాయన గుసగుసగా అడిగితే, "చప్పట్లు కొట్టారుగా, ఎలా దిగను?" అంటాడు.

మేస్త్రి బస్సులో గట్టిగా నవ్వాడు. ముందు సీటులోని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఆయన చేత్తో నోరు మూసుకుని, ఇంకా ఊగుతూనే, బావమరిదికి ఫోను చేశాడు.

"చెప్పు బావా. డిపోలో ఉన్నాను, ఇప్పుడే ఆపాను."

"ఒరే, బస్సు వెనక పరిగెత్తేవాడిని ఇప్పుడే చూశాను."

"ఏంటీ?"

"నువ్వు పంపిందేరా. చెప్పు చేత్తో పట్టుకుని పరిగెత్తుతాడు చూడు, వాడు."

అవతల ఇంజన్ల చప్పుడు దూరమైంది. తర్వాత బావమరిది అడిగాడు. గొంతు మారిపోయింది. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి, దేనికో భయపడుతున్నట్టు మెల్లగా అడిగాడు.

"ఏ చోట నవ్వావు బావా?"

ఆ గొంతు మేస్త్రికి తెలుసు. ఇన్నాళ్ళూ తను అడిగిన గొంతే అది.

"చప్పట్లు కొట్టారుగా, ఎలా దిగను అన్నాడు చూడు. ఆ చోట."

"నేనూ ఆ చోటే బావా" అన్నాడు బావమరిది. "పంపించి చాలా రోజులైంది. ఎవరూ చూడలేదనుకున్నాను."